థెరపీ పిల్లవాడికి సరే, ఇంటికి సాయం ఏది?

క్లుప్తంగా

ఎదుగుదల వైకల్యాలున్న వాళ్ల కోసం చట్టాలు, పథకాలు, నిధులు బాగానే ఉన్న దేశాల్లో కూడా వాళ్ల ఇళ్లల్లో జనం అలసిపోయే ఉన్నారు. డబ్బు చాలకనే ఇలా అనుకుంటే అది సగం జవాబే. సేవలు మనిషి పేరు మీద, వయసు మీద, డాక్టర్ ఇచ్చిన కాగితం మీద నడుస్తాయి. ఇంట్లోవాళ్ల చాకిరీ ఎలాగూ జరిగేదే కదా అని దాన్ని ముందే లెక్కలోంచి తీసేస్తాయి. ఒక సేవ అయిపోయి ఇంకోటి మొదలవ్వాల్సిన చోట, అంటే మూడేళ్లప్పుడు, బడి అయిపోయాక, తల్లిదండ్రులు పోయాక, ఎక్కువమంది జారిపోతున్నారు.

ఇంతకీ ఏమిటీ సేవలు?

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం వంటివాటిని కలిపి డెవలప్‌మెంటల్ డిజబిలిటీలు అంటారు. పుట్టుకతోనో చిన్నతనంలోనో మొదలై జీవితాంతం ఉండిపోయేవి. అమెరికా ఫెడరల్ చట్టం వీటిని జబ్బు పేరుతో కాకుండా రోజువారీ పనుల లెక్కన చెప్తుంది: 22 ఏళ్లలోపు మొదలవ్వాలి, తన పనులు తాను చేసుకోవడం, మాట, నేర్చుకోవడం, కదలిక, సొంతంగా నిర్ణయించుకోవడం, విడిగా బతకడం, సంపాదన అనే 7 విషయాల్లో కనీసం మూడింట్లో గట్టి ఇబ్బంది ఉండాలి. చిన్నపిల్లల విషయంలో కొంత సడలింపు ఉంది. ఆ ఏడింటిలో మనిషి చేసుకోలేనిది ఏదైనా సరే, ఇంకెవరో చేసిపెట్టాలి. ఆ ఇంకెవరో చాలా ఇళ్లల్లో అమ్మే, లేకపోతే నాన్న, అక్క, అమ్మమ్మ.

కుటుంబ సేవలు అంటే ఆ ఇంకెవరోకి అందే సాయం. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ వంటివి ఇందులోకి రావు, అవి పిల్లవాడివి. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. "వారానికి మూడు సెషన్లు ఇస్తున్నాం కదా" అని ఆఫీసు అంటుంది, ఆ మూడు సెషన్లకి తీసుకెళ్లి తీసుకురావడానికి తల్లి ఉద్యోగం మానేసి ఉంటుంది. రెండూ నిజమే.

ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 28వ అధికరణంలో, పేదరికంలో ఉన్న కుటుంబాల గురించి చెప్తూ, శిక్షణ, కౌన్సెలింగ్, ఆర్థిక సాయం, రెస్పైట్ కేర్ అని నాలుగింటిని పేరు పెట్టి రాసింది. రెస్పైట్ కేర్ అంటే ఇంట్లో చూసుకునేవాళ్లకు కొన్ని గంటలో కొన్ని రోజులో విరామం దొరికేలా ఇంకొకరు వచ్చి చూసుకోవడం. ఈ నాలుగూ ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకుని, దరఖాస్తులు పెట్టి, ఒకదానితో ఇంకోదాన్ని కలిపి నడిపించే పని ఐదోది. దాని పేరు ఆ వరుసలో లేదు.

మూడేళ్లకు మాయమయ్యే మాట

అమెరికాలో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా ఇచ్చే తొలి సేవలకు ఒక ప్లాన్ రాస్తారు. దాని పేరు ఇండివిడ్యువలైజ్డ్ ఫ్యామిలీ సర్వీస్ ప్లాన్. మనుషులు వీలైనంత వరకు ఇంటికే వస్తారు, కుటుంబానికి ఏది ముఖ్యమో అడిగి రాస్తారు, సర్వీస్ కోఆర్డినేటర్ అని ఒక మనిషిని అప్పగిస్తారు. మామూలుగా మూడో పుట్టినరోజుతో అది ముగుస్తుంది. తర్వాత బడి తరఫున వచ్చేది ఇండివిడ్యువలైజ్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్. పేరులోంచి ఫ్యామిలీ అన్న మాట పోయింది, దాంతోపాటు కోఆర్డినేటర్ కూడా పోయినట్టే. బడికి సంబంధించినంత వరకు అడగాల్సిన ప్రశ్న, ఈ ఇబ్బంది చదువుకు అడ్డం వస్తోందా లేదా అని. పిల్లవాడు రాత్రి రెండింటికి లేచి తెల్లారే దాకా పడుకోకపోతే, దానివల్ల ఇంటిల్లిపాదీ నిద్రలేక తిరుగుతుంటే, అది చదువు ప్లాన్లో పట్టే విషయం కాదు. ఇక్కడ ఎవరి దుర్మార్గమూ లేదు. నిధులు విద్యాశాఖవి, కాబట్టి ప్రశ్న కూడా విద్యాశాఖదే.

ఆ బడి కూడా 21 ఏళ్ల దగ్గరో 22 దగ్గరో ఆగిపోతుంది. అక్కడి కుటుంబాలు ఆ వయసును కొండ అంచుతో పోలుస్తాయి, రోడ్డు ఉన్నట్టుండి అక్కడ తెగిపోతుందన్న అర్థంలో. కారణం చట్టాల తీరులోనే ఉంది. బడి చదువు హక్కు, సీటు లేదు అని పంపడానికి వీల్లేదు. పెద్దయ్యాక ఇచ్చే సేవలు చాలావరకు అలా కాదు, అర్హత ఉండాలి, ఆ ఏడాది నిధులుండాలి, ఆ ఊళ్లో ఇచ్చేవాళ్లుండాలి, మూడూ కుదరాలి. నిన్నటిదాకా పొద్దున ఎనిమిది నుంచి మూడింటి దాకా బడిలో ఉన్న కొడుకు ఇవాళ్టి నుంచి ఇంట్లో ఉంటాడు, అంటే ఇంట్లో ఎవరో ఒకరు కూడా ఉండాలి. ఉద్యోగాలు ఇలాంటప్పుడే పోతాయి. ఇంగ్లండ్‌లో 2014 చట్టం తర్వాత చదువు, ఆరోగ్యం, సంరక్షణ మూడింటినీ కలిపి రాసే ప్లాన్ 25 ఏళ్ల దాకా నడవొచ్చు. అది మంచి మార్పే కానీ చదువో శిక్షణో సాగుతున్నంత కాలమే ఆ ప్లాన్ నిలుస్తుంది. అంచు ఇంకొంచెం దూరం జరిగింది, అంతే.

వయసే కాదు, ఐక్యూ కూడా ఒక గేటే. చాలా చోట్ల మేధో వైకల్యం సేవలకు 70 దగ్గర గీత గీస్తారు. ఐక్యూ మామూలుగా ఉండి, ఒంటరిగా బస్సెక్కలేని, వంట గదిలో గ్యాస్ ఆపడం గుర్తుండని ఆటిజం యువకుడు ఆ గీత దాటేస్తాడు, కాబట్టి ఆ సేవలు అందవు. వైకల్య విభాగం ఇది మానసిక ఆరోగ్యం వాళ్లది అంటుంది, మానసిక ఆరోగ్య విభాగం ఇది పుట్టుకతో వచ్చింది కదా మాది కాదు అంటుంది. ఈ రెండు కౌంటర్ల మధ్య తిరిగేది ఇంట్లోవాళ్లే.

ఆసుపత్రిలో ఉంటే కడతాం, ఇంటికెళ్తే కట్టం

డబ్బు ఏ దారిన పోతుందో అర్థమవ్వాలంటే కేటీ బెకెట్ కథ ఒక్కటి చాలు. 1978లో అయోవా రాష్ట్రంలో పుట్టింది. ఐదు నెలలకే మెదడువాపు వచ్చి వెంటిలేటర్ మీద ఆధారపడాల్సి వచ్చింది. సమస్య కొంచెం వేరు, కానీ రూల్ అందరికీ ఒకటే. ఇంట్లో పెట్టుకుని చూసుకోవచ్చని డాక్టర్లు చెప్పాక కూడా ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఖర్చు మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, భరిస్తుంది, ఇంటికి తీసుకెళ్తే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి వచ్చి అర్హత పోతుంది. ఇంట్లో అయితే ఖర్చు బాగా తక్కువ, అయినా రూల్ రూలే. 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ పత్రికా సమావేశంలో ఈ సంగతి ఎత్తాక మినహాయింపు దొరికింది, పాప ఇంటికెళ్లింది. అదే ఏడాది వచ్చిన చట్టం ఇంటి దగ్గర సేవలకు డబ్బు వాడుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. కేటీ 2012లో చనిపోయింది, అప్పటికి పెద్దయ్యి వైకల్య హక్కుల కోసం తానే పనిచేస్తూ ఉంది.

ఆ వీలు పేరు వేవర్, అంటే మినహాయింపు. పేరులోనే విషయం ఉంది. సంస్థలో చేర్చడం మామూలు పద్ధతి, ఇంట్లో ఉంచుకోవడం మినహాయింపు. మినహాయింపు కాబట్టి ఇన్ని సీట్లే అని రాష్ట్రం పరిమితి పెట్టుకోవచ్చు. ఆ పరిమితి వల్ల పుట్టిందే అమెరికా వెయిటింగ్ లిస్టు: ఈ మధ్య ఏళ్లలో అందులో సుమారు 6 నుంచి 7 లక్షల మంది ఉంటున్నారు, ఎక్కువమంది ఎదుగుదల వైకల్యాలున్నవాళ్లే. ఈ అంకె చూసి కంగారుపడే ముందు ఒక మాట. కొన్ని రాష్ట్రాలు అర్హత చూడకుండానే అందరి పేర్లూ రాసుకుంటాయి, కొన్ని చూశాకే రాస్తాయి, కాబట్టి రాష్ట్రానికీ రాష్ట్రానికీ పోల్చడం కుదరదు. పైగా చాలామంది ముందుచూపుతో పిల్లవాడు చిన్నగా ఉన్నప్పుడే పేరు రాయించి పెడతారు.

లిస్టు పొడవు కన్నా అది కదిలే తీరు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చాలాచోట్ల వచ్చిన వరుసలో పిలవరు, అత్యవసరం ఉన్నవాళ్లను ముందు పిలుస్తారు. న్యాయంగానే అనిపిస్తుంది. కానీ అత్యవసరం అంటే ఏమిటి? చూసుకునే తల్లి మంచాన పడటం, తండ్రి పోవడం, ఇంట్లో దెబ్బలాట జరిగి పోలీసులు రావడం. అంటే కిందామీదా పడి ఎలాగో నెట్టుకొస్తున్న కుటుంబం లిస్టులో కిందే ఉంటుంది, కూలిపోయిన రోజున పైకొస్తుంది. అప్పటికి వారానికి నాలుగు గంటల సాయం సరిపోయే దశ దాటిపోతుంది, రాత్రీపగలూ మనిషి కావాలి, లేదా ఇల్లే మారాలి, ఖర్చు ఎన్నో రెట్లు. దరఖాస్తు రాసేటప్పుడు కూడా ఇదే తంతు. బిడ్డ నేర్చుకున్నవి రాస్తే గంటలు తగ్గుతాయి కాబట్టి, తెలిసిన తల్లిదండ్రులు కొత్తవాళ్లకు చెప్పే మొదటి సలహా "మంచి రోజు గురించి రాయకండి, చెడ్డ రోజు గురించి రాయండి" అని. బిడ్డ పక్కనే కూర్చుని వింటుండగా ఆ చెడ్డ రోజు వివరాలన్నీ అధికారికి చెప్పాల్సి రావడం ఈ పద్ధతిలో ఎవరూ లెక్కకట్టని ఖర్చు.

విరామం కాగితం మీద ఉంటుంది

స్వీడన్ దారి వేరు. 1994లో అమల్లోకి వచ్చిన ఎల్ఎస్ఎస్ అనే వైకల్య సేవల చట్టం 10 రకాల సేవలను హక్కుగా రాసింది, ఇవ్వకపోతే కోర్టుకెళ్లొచ్చు. అందులో ఇంటికి మనిషి వచ్చి కుటుంబాన్ని విడిపించడం ఒకటి, బిడ్డ బయట కొన్ని రోజులు ఉండి రావడం ఇంకొకటి, 12 ఏళ్లు దాటిన పిల్లలను బడికి ముందూ వెనకా, సెలవుల్లో చూసుకోవడం మరొకటి. ఈ మూడోది చిన్నదిలా కనిపిస్తుంది కానీ ఇల్లు నడిపేవాళ్లు రాయించిన నిబంధనలా ఉంటుంది. మిగతా పిల్లలు పన్నెండేళ్లకు తాళం తీసుకుని ఇంటికొచ్చి ఒంటరిగా ఉండగలరు, ఈ పిల్లలు ఉండలేరు, మామూలు డే కేర్లేమో ఆ వయసుకు తీసుకోవు.

హక్కు ఉన్నా లేకున్నా విరామం విషయంలో అన్ని దేశాల్లోనూ ఒకేలా కనిపించే చిక్కు ఒకటుంది: మంజూరైన గంటలు వాడకుండా మిగిలిపోతాయి. అది చూసి అవసరం లేదనుకుని తగ్గించేవాళ్లూ ఉన్నారు. వాడకపోవడానికి కారణాలు వేరే. ఈ పనికి జీతం తక్కువ, మనుషులు నిలవరు. అమెరికాలో నేరుగా సాయం చేసే సిబ్బందిలో ఏడాదికి సుమారు 40 శాతం మారిపోతుంటారు. మాట రాని బిడ్డ నొప్పిని ఏ సైగతో చెప్తాడో, ఏ శబ్దానికి బెదురుతాడో కొత్త మనిషికి నేర్పేసరికి ఒకటి రెండు నెలలు పడుతుంది, నేర్చుకున్నాక ఆ మనిషి మానేస్తే మళ్లీ మొదటికి. మూడోసారి కూడా ఇలాగే అయ్యాక కుటుంబం ఆ గంటలు అడగడమే మానేస్తుంది. మూర్ఛలు, ట్యూబ్‌తో ఆహారం, తన్ను తాను కొట్టుకోవడం వంటివి ఉంటే ఇచ్చే సంస్థలే వెనకాడతాయి, బీమా, నర్సు, ఇద్దరు మనుషులు కావాలంటాయి. చివరికి బాగా అలసిన ఇంటికే విరామం దొరకడం కష్టం, తేలికగా చూసుకోగలిగిన బిడ్డ ఉన్న ఇంటికి తేలిక.

నమ్మకం సంగతి విడిగా చెప్పాలి. జరిగింది చెప్పలేని మనిషిని ఎవరో కొత్తవాళ్లకు అప్పజెప్పి సినిమాకెళ్లడం అనుకున్నంత సులువు కాదు. అందుకే ఎప్పుడో ఒకసారి ఇచ్చే రెండు వారాల కన్నా, తెలిసిన మనిషే ప్రతి శనివారం నాలుగు గంటలు రావడం ఎక్కువ పనికొస్తుంది. ఆఫీసు లెక్కలో రెండు వారాలే పెద్ద సాయంగా కనిపిస్తుంది మరి.

డబ్బు చేతికిస్తే?

సంస్థలు సరిగ్గా ఇవ్వలేకపోతే డబ్బే ఇచ్చేయొచ్చు కదా అన్న ఆలోచన బ్రిటన్‌లో 1996 చట్టంతో రూపం తీసుకుంది, 2000లో వచ్చిన చట్టం వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రులకూ దాన్ని తెచ్చింది. ఆస్ట్రేలియా ఇంకా పెద్ద అడుగేసింది. 2013లో మొదలైన ఎన్‌డీఐఎస్ అనే జాతీయ వైకల్య బీమా పథకంలో ఒక్కొక్కరికీ ప్లాన్, దానికో బడ్జెట్, నచ్చిన చోట నుంచి సేవ కొనుక్కోవచ్చు. ఇప్పుడు అందులో 7 లక్షలకు పైగా ఉన్నారు.

స్వేచ్ఛ నిజమే. పొద్దున ఆరింటికి రాగలిగే మనిషిని, బిడ్డకు నచ్చిన మనిషిని, తెలిసినవాళ్లమ్మాయిని పెట్టుకోవచ్చు. కానీ ఆ రోజు నుంచి తల్లి ఒక చిన్న కంపెనీ యజమాని. జీతం లెక్కలు, పన్నులు, సెలవులు, రసీదులు, మనిషి రాని రోజున బదులు మనిషి, అన్నీ తనే చూసుకోవాలి. చదువు, ఓపిక, తీరిక ఉన్న ఇళ్లు ఒక బడ్జెట్‌లో రెండింతల సేవ రాబడతాయి, అవి లేని ఇళ్లల్లో అదే బడ్జెట్ సగం మిగిలిపోతుంది. దూరంగా ఉన్న చిన్న ఊళ్లల్లో డబ్బుంటుంది, కొనడానికి సేవ ఉండదు.

ఎన్‌డీఐఎస్ చట్టంలో 34వ సెక్షన్ కూడా చూడాలి. ఏ సాయానికి డబ్బివ్వాలో నిర్ణయించేటప్పుడు, కుటుంబం నుంచి సబబుగా ఎంత ఆశించవచ్చో చూడాలని అందులో ఉంది. ఐదేళ్ల బిడ్డకు స్నానం చేయించడం ఏ తల్లయినా చేసేదే, దానికి డబ్బివ్వరు, సరే. అదే పని పాతికేళ్ల కొడుక్కి అరవై ఏళ్ల తల్లి చేస్తుంటే? ఆశించదగిందా కాదా అన్న గీత ఎక్కడ గీయాలో చట్టం చెప్పదు, ప్లాన్ రాసే అధికారి చెప్తారు. అప్పీళ్లు పుట్టేది ఇలాంటి చోటే. తల్లిదండ్రులకే జీతమివ్వడం ఇంకో వాదన. కోవిడ్ సమయంలో అమెరికా రాష్ట్రాలు కొన్ని ఆ దారి తెరిచాయి. ఇంటికి ఆదాయం వస్తుంది, తెలిసిన చేతులే చూసుకుంటాయి, అక్కడిదాకా బాగుంది. విరామం మాత్రం రాదు, పైగా ఆ జీతం మీద ఇల్లు గడిచే కొద్దీ బిడ్డ విడిగా బతకడం మొదలుపెట్టే రోజు ఆర్థికంగా భయపెట్టడం మొదలవుతుంది.

శిక్షణ సంగతి కూడా ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల ఇళ్లకోసం తయారుచేసిన కోర్సులో 9 గుంపు తరగతులు, 3 సార్లు ఇంటికి రావడం ఉంటాయి, స్పెషలిస్టులు కానివాళ్లే నేర్పొచ్చు. థెరపిస్టులే దొరకని చోట ఇది చాలా పెద్ద ఆసరా. థెరపిస్టు దొరికే చోట ఖర్చు మిగలడానికి దీన్నే ఇచ్చి సరిపెడితే మాత్రం అమ్మకి ఇంకో డ్యూటీ వేసినట్టే.

ఫైలు మోసేది ఎవరు

డాక్టర్, బడి, థెరపీ సెంటర్, పింఛను ఆఫీసు, రవాణా పాసు, బీమా. ఒక్కొక్కళ్ల దగ్గర ఒక్కో ఫారం, అందరికీ పుట్టినప్పటి నుంచి కథంతా మళ్లీ చెప్పాలి, కొన్నేళ్లకోసారి, జీవితాంతం ఉండే వైకల్యం ఇంకా ఉందా అని కాగితం తేవాలి. ఈ పని ఎవరిదని అడిగితే ఏ శాఖా తనదనదు. కాలిఫోర్నియా 1969 నాటి లాంటర్‌మన్ చట్టం దీనికి ఒక జవాబు చెప్పింది: 21 రీజినల్ సెంటర్లు, ఏ ఇంటికైనా ఒకే తలుపు, ఒక సర్వీస్ కోఆర్డినేటర్, పైగా సేవ హక్కు. అందుకే అక్కడ మిగతా రాష్ట్రాల తరహా వెయిటింగ్ లిస్టు లేదు. అయినా ఒక్కో కోఆర్డినేటర్ చేతిలో పదుల కొద్దీ కుటుంబాలుంటే ఫోనెత్తడానికే తీరికుండదు, వాళ్లు మారినప్పుడల్లా కథ మళ్లీ మొదలు.

ఈ ఖాళీని ఇతర తల్లిదండ్రులు నింపుతున్నారు. ఏ ఫారంలో ఏ గడి దగ్గర దరఖాస్తు ఆగిపోతుందో, ఏ డెంటిస్టు ఓపిగ్గా చూస్తారో చెప్పేది వాళ్లే. ప్రభుత్వాలకు ఇది అన్నిటికన్నా చవకైన సేవ, అయినా దీనికి ఒక గది అద్దె, ఒక మనిషి జీతం ఇచ్చేవి తక్కువ.

తల్లిదండ్రుల తర్వాత

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు 1983లో అమెరికాలో 25 ఏళ్లుండేది, ఇప్పుడు 60 దగ్గరకొచ్చింది. గుండె ఆపరేషన్లు మెరుగవడం, పిల్లలను సంస్థల్లో పడేయడం తగ్గడం ప్రధాన కారణాలు. సంతోషమే. కానీ సేవల నిర్మాణం చాలావరకు బిడ్డ పిల్లవాడుగా, తల్లి యువతిగా ఉంటారన్న ఊహ మీదే కట్టింది. అరవై ఏళ్ల కొడుకును ఎనభై ఐదేళ్ల తల్లి చూసుకుంటుందని ఎవరూ అనుకోలేదు, పైగా డౌన్ సిండ్రోమ్‌లో అల్జీమర్స్ చాలా ముందుగా వస్తుంది కాబట్టి ఎవరికి ముందు మతిమరుపు వస్తుందో చెప్పలేం. జపాన్‌లో దీనికి "ఓయా నకి ఆతో" అనే మాటే ఉంది, అమ్మానాన్నలు పోయాక అని. విధానాల చర్చల్లో కూడా ఆ మాటే వాడతారు.

ఆస్తి రాసిపెట్టడం తేలిక కాదు. అమెరికాలో ఎస్ఎస్ఐ అనే ప్రభుత్వ నెలవారీ సాయం అందాలంటే చేతిలో ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు, 1989 నుంచి ఆ అంకె కదల్లేదు. తాతయ్య ప్రేమతో మనవడి పేరు మీద రాసిన డబ్బు ఆ సాయాన్నే ఆపేయొచ్చు. అందుకే ఆ పరిమితికి అడ్డు రాకుండా దాచుకునే ట్రస్టులు, 2014 చట్టంతో వచ్చిన ఏబుల్ అనే పొదుపు ఖాతాలు. కెనడా 2008లో వికలాంగుల పొదుపు పథకం పెట్టి తానే వాటా వేస్తోంది.

నిర్ణయాలు ఎవరు తీసుకోవాలన్నది ఇంకా చిక్కు. పాత పద్ధతి గార్డియన్, అంటే మనిషి బదులు నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధ సంరక్షకుడు. భారతదేశంలో 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవాళ్లకు స్థానిక కమిటీ ద్వారా గార్డియన్‌ను నియమించే దారి పెట్టింది. ఐక్యరాజ్యసమితి ఒప్పందం 12వ అధికరణం వేరే వైపు లాగుతుంది: మనిషి బదులు నిర్ణయించకండి, నిర్ణయించుకోవడానికి తోడుండండి అని. పెరూ 2018లో, స్పెయిన్ 2021లో చట్టాలు ఆ వైపు మార్చుకున్నాయి. బ్యాంకు కౌంటర్లో, ఆపరేషన్ సంతకం దగ్గర ఇది ఎలా నడుస్తుందన్నది ఆ గుమాస్తాకు ఎంత తెలుసన్న దాని మీద ఉంటుంది.

ఈ బాధ్యతంతా తర్వాత ఎవరి మీదకొస్తుందో అందరికీ తెలుసు, అక్కో తమ్ముడో. చిన్నప్పటి నుంచి వాళ్లను ప్లాన్ సమావేశాలకు పిలిచే వ్యవస్థలు తక్కువ. అందుకే అనుభవమున్న కుటుంబాలు వీలునామాతో పాటు ఇంకో కాగితం రాసిపెడతాయి, చట్టబద్ధత లేనిది: ఏ మందు పడదు, కోపమొచ్చే ముందు చేతులు ఎలా తిప్పుతాడు, లైటు ఆర్పితే నిద్రపోతాడా పోడా, ఎవరి పేరు చెప్తే నవ్వుతాడు. అది ఏడాదికోసారి తిరగరాయాలి, లేకపోతే పదేళ్ల కిందటి పిల్లవాడి గురించి చెప్తుంది. ఆ పని కుటుంబానికి గుర్తుచేసే బాధ్యత చాలా దేశాల్లో ఏ ఆఫీసుకీ లేదు.